ఫ్రీ నంబరుకు ముందు సున్నా పెట్టకూడదు



ఈసారి గోడపత్రికలో నేను ఫోను నంబర్ల గురించి రాస్తున్నాను. ఫోను గురించి రాయడానికేముంది, నొక్కితే మోగుతుంది కదా అని మీరు నవ్వవచ్చు. నేనూ అలాగే అనుకొని మా అయ్యకు నష్టం చేశాను. అది తర్వాత చెప్తాను.

పోయిన నెల కంప్యూటర్ పీరియడులో సారు మమ్మల్ని కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూడమన్నారు. నేను 'ఫోన్ అండ్ మోడెమ్' అనే బొమ్మ నొక్కాను. వెంటనే ఒక చిన్న గడి వచ్చి ప్రశ్నలు అడిగింది. మీది ఏ దేశం? మీ ఏరియా కోడ్ ఎంత? బయటి లైను కోసం ముందు ఏ అంకె నొక్కాలి? టోనా, పల్సా? నేనేదో పాడుచేశాననుకొని భయపడి సారును పిలిచాను.

సారు నవ్వి, పూర్వం కంప్యూటర్‌ను మోడెమ్ అనే పెట్టెతో టెలిఫోను తీగకు కలిపేవారని చెప్పారు. ఇంటర్నెట్టూ ఫ్యాక్సూ ఆ తీగ మీదే వెళ్ళేవి. నంబరు కూడా కంప్యూటరే డయల్ చేసేది. దానికి మనలాగ ఆలోచన లేదు కాబట్టి, ఎలా డయల్ చెయ్యాలో ముందే రాసి పెట్టాలి. వాటి పేరే డయలింగ్ రూల్స్. (పల్స్ అంటే పాత ఫోనుల్లో టక్ టక్ మని లెక్క పంపడం. ఒకటికి ఒక టక్, సున్నాకి పది టక్కులు! సున్నా అంటే ఏమీ లేదనుకున్నాను నేను.)

ఉదాహరణకు కంప్యూటర్ విశాఖపట్నంలో ఉందనుకోండి. అక్కడి కోడ్ 0891. విశాఖ నంబరుకైతే కోడ్ లేకుండా నేరుగా డయల్ చేస్తుంది. హైదరాబాదు నంబరుకైతే ముందు 0, తర్వాత 40 తనే కలుపుకుంటుంది. కొన్ని ఆఫీసుల్లో బయటికి ఫోను చెయ్యాలంటే ముందు 9 గాని 0 గాని నొక్కాలి. ఆ అంకె కూడా రాసి పెడితే కంప్యూటర్ మర్చిపోదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే ఫ్రీ నంబర్లతో. ఈ విండోస్ తయారైంది అమెరికాలో. అక్కడ 1967లో 800తో మొదలయ్యే ఫ్రీ నంబర్లు వచ్చాయి. అవి చాలక 1996లో 888 పెట్టారు, ఆ తర్వాత 877, 866, ఇంకా కొన్ని. 800 అనేది ఏ ఊరి కోడూ కాదు. కాని ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదు. అది ఎక్కడో దూరం ఊరనుకొని దూరం ఫోనుకు పెట్టిన రూల్సే వాడుతుంది. అందుకని 'ఏరియా కోడ్ రూల్స్' అనే చోట 'న్యూ' నొక్కి, కోడ్ దగ్గర 800 రాసి, డయల్ దగ్గర 1 రాసి, ఏరియా కోడ్ కూడా కలపమని టిక్కు పెట్టాలి. 888కి మళ్ళీ వేరే రూలు రాయాలి. ఒకటి చెప్తే రెండోది దానంతట అదే అర్థం చేసుకోదు.

మన దేశంలో ఫ్రీ నంబర్లు 1800తో మొదలవుతాయి. అదీ ఏ ఊరి కోడూ కాదు. ఆ నంబరు నొక్కగానే ఎక్స్ఛేంజిలో ఒక పట్టీ చూసి, దాని వెనకాల ఉన్న అసలు నంబరుకు కలుపుతారు. డబ్బులు మనం కాదు, ఆ నంబరు తీసుకున్న వాళ్ళే కడతారు. 1860 నంబర్లు చూడ్డానికి అలాగే ఉంటాయి గాని ఫ్రీ కాదు, జాగ్రత్త. 1800కు ముందు సున్నా అక్కర్లేదు అని సారు చెప్పగానే నాకు మా అల్లం చేను గుర్తొచ్చింది.

మన హాస్టల్ ఆఫీసులో ఉన్నది తీగ ఫోను. 2021 జనవరి 15 నుంచి తీగ ఫోను నుంచి సెల్లుకు చెయ్యాలంటే ముందు సున్నా నొక్కాలి. ఆదివారం ఆదివారం మా అయ్యకు సున్నా పెట్టే చేస్తాను. కాబట్టి అన్ని నంబర్లకూ సున్నా ఉండాలని నా బుర్రలో పడిపోయింది.

నేను ఏడో తరగతిలో దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి అల్లం ఆకులు పసుపైపోయి, మొదలు పట్టుకుంటే ఊడి వచ్చేస్తున్నాయి. దుంప కుళ్ళిపోయింది. అయ్య దగ్గర ఒక కాగితం ఉంది. దాని మీద కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 అని ఉంది. ఆ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. తెలుగులో కూడా మాట్లాడతారు. అయ్యకు చదువు రాదు. "నువ్వు చదువుకుంటున్నావు కదా, నువ్వే కొట్టమ్మా" అన్నాడు. నేను పెద్ద తెలిసినదాన్లాగ సున్నా పెట్టి కొట్టాను. నంబరు సరిచూసుకోమని ఒక గొంతు చెప్పింది. మూడుసార్లు కొట్టినా అదే గొంతు. "పైసలు పోతాయేమో, ఆపీ అమ్మా" అన్నాడు అయ్య. కాగితం మడిచి మళ్ళీ చూరులో పెట్టేశాడు. ఆ ఏడు సంతకు రెండు బుట్టల అల్లమే వెళ్ళింది. ఆ నంబరు అబద్ధమని అయ్య ఊళ్ళో అందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను.

మొన్న సెలవు రోజుకి ఇంటికెళ్ళినప్పుడు చూరులోంచి ఆ కాగితం తీసి సున్నా లేకుండా కొట్టాను. ఒక అక్క తెలుగులో మాట్లాడారు. కుళ్ళిన మొక్కలు మట్టితో సహా తీసి దూరంగా పారేయమన్నారు, నీరు నిలవకుండా కాలువలు తియ్యమన్నారు, ఈసారి విత్తనం దుంప మంచి చేను నుంచే ఎంచుకోమన్నారు. అయ్య ఫోను లాక్కొని తనే పావుగంట మాట్లాడాడు. తర్వాత పైసలు పోయాయా అని నన్ను రెండుసార్లు చూడమన్నాడు. పోలేదు. పొద్దున్న 6 నుంచి రాత్రి 10 దాకా ఎప్పుడైనా చెయ్యొచ్చు.

108కీ, పిల్లల కోసం ఉన్న 1098కీ, 112కీ కూడా ముందు సున్నా ఉండదు. రాత్రిపూట ఎవరికైనా జ్వరం ఎక్కువైతే కంగారులో అలవాటుగా మన వేలు సున్నా మీదికే పోతుంది. అందుకని వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఆఫీసు ఫోను పక్క గోడకు ఒక అట్ట అంటించాలి. ఒకవైపు సున్నా పెట్టాల్సినవి, ఇంకోవైపు పెట్టకూడనివి. మీరు ఒప్పుకుంటే అట్ట, స్కెచ్ పెన్ను నా దగ్గరున్నాయి, ఆదివారం రాసి తెస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని