వ్యాజ్యెములో మూడవవాని మాట

ఒక బోదె విషయమై ఇద్దరు రైతులు తగవులాడుకొనిరనుకొందము. పైచేనివాడు తూము మూయవలెననును, క్రిందిచేనివాడు తెరువవలెననును. గ్రామపెద్దలు రావిచెట్టు క్రింద కూర్చుండి తగవు తీర్చునపుడు, ఆ బోదె చివరనున్న మూడవ రైతును పిలువక విడుతురా? అతడు ఫిర్యాదు చేసినవాడు గాడు, ఫిర్యాదు పొందినవాడును గాడు. అయినను తూము మూసినచో మొదట ఎండునది అతని చేనే. అదే తగవు తాడేపల్లిగూడెము సివిలు కోర్టుకెక్కినచో కాగితముపై నుండునవి రెండు పేర్లు మాత్రమే. మూడవవాడు ఆవరణలో చెట్టునీడను నిలిచి తన గోడు చెప్పుకొనవలసినదే. అది రికార్డు కెక్కదు.

ఇట్టివానికి చట్టము తలుపులన్నియు మూసివేయలేదు. 1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో మొదటి ఆర్డరు పదియవ రూలు కలదు. ఎవడు లేనిదే తగవు పూర్తిగా తీరదో వానిని కోర్టువారు ఆ రూలు క్రింద కక్షిదారుగా చేర్చుకొనవచ్చును. 1976 సవరణచే ‘8-ఎ’ యను మరియొక రూలు చేరినది. దీని ప్రకారము వాదియు ప్రతివాదియు గాని వ్యక్తి గాని, సంఘము గాని, ఆ వ్యాజ్యెములో తేలవలసిన చట్టవిషయముతో తమకు సంబంధమున్నదనియు, తమ మాట వినుట ప్రజాహితమునకు అవసరమనియు కోర్టును ఒప్పించినచో, తమ యభిప్రాయమును తెలుపుకొనుటకు అనుమతి పొందవచ్చును. ఇచట ఒక చిక్కున్నది. ఈ రూలు చట్టవిషయమునకే గాని, ఎవని చేనిలో నీరెన్నిదినములు నిలిచెనను సాక్ష్యమునకు గాదు. సాక్ష్యము చెప్పదలచినవాడు పదియవ రూలు దారినైనను పోవలెను, లేదా కక్షిదారుని పక్షమున సాక్షిగా నిలిచి ప్రమాణపూర్వకముగా చెప్పవలెను. ఈ భేదము తెలియక దరఖాస్తు పెట్టి వకీలు ఫీజు పోగొట్టుకొనుట మంచిది కాదు.

ఇవిగాక కోర్టువారే ఒక న్యాయవాదిని తమకు సాయముగా పిలుచుకొను పద్ధతి కలదు. అట్టివానిని అమికస్ క్యూరీ యందురు. లాటిను భాషలో కోర్టునకు మిత్రుడని యర్థము. ఈ మిత్రుడు ఎంతదూరము పోగలడో తెలిసికొనుటకు మనకు పరదేశపు కథ అక్కరలేదు, కొల్లేరే చాలును.

1995లో కేరళ దేశమందలి నీలంబూరు కోవిలకమునకు చెందిన టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడు అనునాయన, నీలగిరులలోని గూడలూరు అడవులను నరుకుచున్నారని సుప్రీంకోర్టులో రిట్టు వేసెను. కోర్టువారు 1996 డిసెంబరు 12న దేశమందలి అడవులన్నిటికిని వర్తించునట్లు ఉత్తరువిచ్చిరి. హరీష్ సాల్వే అను న్యాయవాది ఆ కేసులో కోర్టుమిత్రుడుగా నుండెను. దరఖాస్తులు వందలకొలది పెరుగగా, 2002లో వానిని విచారించుటకు సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీ యను సంఘమేర్పడెను. దానికెవరైనను అర్జీ పెట్టుకొనవచ్చును. ఎచటి గూడలూరు, ఎచటి కొల్లేరు! చెట్లను గూర్చి మొదలైన వ్యాజ్యెము ఈ దారిని మన లంకగ్రామములకు వచ్చినది.

కొల్లేటి కథ సభ్యులలో పెద్దలకు తెలిసినదే. 1976 ప్రాంతమున ప్రభుత్వమువారే సరస్సులో చేపలచెరువులు త్రవ్వించి మత్స్యకారుల సహకార సంఘములకిచ్చిరి. రానురాను ఆ చెరువులలో పెక్కు, సంఘముల పేరనే యుండి, పెట్టుబడి గల బయటివారి చేతిలోనికి పోయెను. పేరు బెస్తవానిది, పంట షావుకారుది. 1999 అక్టోబరు 4వ తేదీని 120వ నెంబరు జీవో వెలువడి, ఐదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి రక్షితస్థలమయ్యెను. అందులో పదునాలుగు వేల యెకరములకు పైగా జిరాయితీ భూమి కలదు. 2002లో కొల్లేరు రామ్సార్ ఒడంబడిక పట్టికలో చేరెను. కమిటీ సిఫార్సులపై 2006లో చెరువుగట్లను యంత్రములతోను మందుగుండుతోను పగులగొట్టిరి. 2008లో శాసనసభ హద్దును మూడవ కాంటూరుకు తగ్గింపుమని తీర్మానించెను గాని, కేంద్రము నియమించిన ఆజీజ్ కమిటీ ఐదవ కాంటూరే నిలువవలెనని చెప్పెను.

గట్లు తెగినవాడు దొంగచెరువు పెట్టిన షావుకారా, జిరాయితీ పట్టా గల చిన్నరైతా, 1976లో ప్రభుత్వము చేతినుండియే చెరువు పుచ్చుకొన్న సంఘసభ్యుడా? యంత్రమునకు ఈ భేదము తెలియదు. కోర్టునకు తెలియవలెనన్న ఎవరో ఒకరు లెక్కలతో చెప్పవలెను. కోర్టుమిత్రుడు సరస్సు పక్షమున మాటలాడుట న్యాయమే; సరస్సునకు వకీలును పెట్టుకొను శక్తి లేదు గదా! కాని ఆయన మన సభ్యుల పట్టికను ఎరుగడు. తెలుపవలసినవాడు సంఘ కార్యదర్శి. పేరునిచ్చి పంటను షావుకారునకు వదలిన సంఘము ఏ మొగముతో ఆ పట్టికను దాఖలు చేయగలదు?

పెంటపాడు కొల్లేటి గట్టున లేదు. మనది కాలువ క్రింది వరి. అయినను బుడమేరు, తమ్మిలేరు పొంగిన యేట, ఉప్పుటేరు దారిని నీరు సముద్రమునకు జారనిచో, ఎగువ వరిచేలు మునుగును. ఆ రైతు పక్షిపక్షము వాడు గాడు, చేపపక్షము వాడును గాడు. బోదె చివరి రైతువలె అతడే మూడవవాడు.

అమెరికా దేశమున బయటివారు తమ వాదమును వ్రాసియిచ్చు పద్ధతి మిక్కిలి ప్రబలినది. 1915లో తేలిన గిన్ కేసులో, నల్లజాతివారి హక్కులకై పాటుపడు ఎన్.ఏ.ఏ.సి.పి. యను సంఘము తాను కక్షిదారు గాకున్నను తన వాదమును దాఖలు చేసెను. తాతలకు ఓటుండినవారికి మాత్రము అక్షరపరీక్ష తప్పించుచు ఓక్లహోమా రాష్ట్రము పెట్టిన నిబంధనను కోర్టు కొట్టివేసెను. నేడు ఆ సుప్రీంకోర్టులో మరియొక నియమము కలదు: ప్రైవేటు సంఘమేదైనను ఇట్టి పత్రము నిచ్చునపుడు, కక్షిదారుని వకీలే దానిని వ్రాసియిచ్చెనా, ఖర్చునకు సొమ్మెవరిచ్చిరి అను సంగతి మొదటి పుటలోనే ఒప్పుకొనవలెను. కొల్లేటి చెరువుల సంగతి నెరిగిన మనకు ఈ నియమము ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. బినామీ చెరువుండినట్లే బినామీ అర్జీయు నుండును.

కావున సంఘము కోర్టుకు గాని కమిటీకి గాని కాగితము పంపదలచినపుడు ఆవేశపు మాటలు తగ్గించి, సంఘము రిజిస్టరైన తేదీ, సభ్యుల పేర్లు, ఎవరు స్వయముగా సాగు చేయుచున్నారు, సర్వేనెంబర్లు, ఏ యేట నీరెన్నాళ్లు నిలిచెను, శిస్తు రశీదులు, ఇవి చూపవలెను. సర్వసభ్య సమావేశపు తీర్మానము నకలు జతపరుపవలెను. ఖర్చు సంఘనిధినుండి కాక మరియెవరైన భరించినచో దానిని దాచరాదు. ఎదుటి వకీలు ఎటులైనను దానిని బయటపెట్టును. అపుడు తక్కిన నిజములును నీటిపాలగును.

ఇంకొక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము 21వ సెక్షను ప్రకారము, ఏ ప్రాంతమునైనను రక్షితస్థలము చేయదలచినపుడు కలెక్టరుగారు ఆయా గ్రామములలో దేశభాషలో ప్రకటన చేయింపవలెను. హక్కు గలవారు ఆ తేదీనుండి రెండు నెలలలో తమ క్లెయిమును లిఖితరూపమున పంపుకొనవలెను. అట్టి ప్రకటన పంచాయతీ గోడమీద కనబడిననాడే దాని నకలు తీసికొని, తేదీ వేసి, సంఘ కార్యాలయమున నిచ్చిపోవలెనని సభ్యులను కోరుచున్నాము.