గది కూడా పలుకుతుంది

మీ ఇంట్లో సామాను లేని గది ఒకటి ఉంటే, దాని నడుమ నిలబడి రెండు అరచేతులు ఒక్కసారి గట్టిగా చరచండి. చేతులు ఆగిపోయాక కూడా గది ఇంకాసేపు "ట్రింగ్" మంటుంది. ఇప్పుడు బట్టలు, పరుపులు నిండిన గదిలోకి వెళ్ళి అదే పని చేయండి. చప్పుడు "టప్" మని అక్కడికక్కడే ఆగిపోతుంది. చేతులు అవే, చరచిన తీరూ అదే. మారినది గది ఒక్కటే. మనం పాట వింటున్నప్పుడు స్పీకరును మాత్రమే వింటున్నామని అనుకుంటాం. నిజానికి గదిని కూడా వింటున్నాం.

ఈ సంగతి పాతికేళ్ళకు పైగా పాఠం చెబుతున్న నాకు పుస్తకంలో తెలుసు. ఇంట్లో మాత్రం మా అమ్మ చెప్పేదాకా తెలియలేదు.

మాది సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి. నా చిన్నతనంలో మాది మట్టిగోడల పెంకుటిల్లు. దూలాల కింద రేడియో పెట్టుకుని అమ్మ వార్తలూ పాటలూ వినేది. తరువాత స్లాబు ఇల్లు కట్టుకున్నాం. నున్నటి గోడలు, నేలకు టైల్స్, పెద్ద అద్దాల కిటికీ. కొమురవెల్లి మల్లన్న కథ అంటే అమ్మకు ప్రాణం. అందుకని ఒగ్గుకథలు నింపిన పెన్‌డ్రైవు, మంచి స్పీకరు తెచ్చి ఆమె గది మూలన, అలమరలో అమర్చాను. రెండు రోజులు విని, "డోలు చప్పుడే ఇనొస్తుంది బిడ్డా, మాట సమజైతలేదు" అన్నది. శబ్దం పెంచాను. "ఇంక మోగుతుంది గని మాట లేదు" అన్నది. చెవుల డాక్టరుకు చూపిస్తే, వయసు వల్ల కీచు శబ్దాలు వినే శక్తి తగ్గిందని చెప్పారు. ఇక చేసేదేమీ లేదనుకున్నాను.

ఆ ఏడు దసరా దాటాక పత్తి ఇంటికి వచ్చింది. ధర కోసం ఆగుదామని అమ్మ గదిలోనే సగం దాకా, ఛాతీ ఎత్తున పోశాం. (నిప్పుకు భయపడవలసిన సరుకు అది, మీ ఇంట్లో పోస్తే జాగ్రత్త.) ఆ నెల రోజులూ అమ్మ ఫిర్యాదు చేయలేదు. కథ విని నవ్వేది, మల్లన్న ఏమన్నాడో నాకు తిరిగి చెప్పేది. పత్తి అమ్మేసిన మర్నాడే మళ్ళీ "మాట సమజైతలేదు" మొదలు. చెవులు నెల రోజులు బాగుపడి మళ్ళీ చెడిపోవు కదా! అప్పుడు గానీ నాకు బుర్రలో వెలగలేదు.

సరిగ్గా ఇలాంటి మెత్తని సరుకుతోనే ఈ శాస్త్రం పుట్టింది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాలలో ఎవరు మాట్లాడినా అర్థం కావడం లేదని, దాన్ని బాగుచేసే పనిని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ ఒక మాట అంటే ఐదున్నర సెకన్ల పాటు మోగుతూనే ఉండేది. పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు రాత్రివేళ మోయించి, కొన్నికొన్నిగా ఆ గదిలో పరిచాడు సబైన్. పరిచిన ప్రతిసారీ ఒక ఆర్గన్ గొట్టాన్ని ఊది, ఆపి, శబ్దం ఎంతసేపటికి వినబడకుండా పోతుందో కొలిచాడు. ఆయన పరికరాలు ఒక గడియారం, తన చెవి. అంతే. తెల్లవారేసరికి దిండ్లన్నీ మళ్ళీ నాటకశాలకు చేర్చేవారు. అలా తేల్చిన సూత్రంతోనే 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలుకు ఆయన సలహా ఇచ్చాడు. ప్రపంచంలోని మేటి సంగీతశాలల్లో ఒకటిగా దానికి నేటికీ పేరుంది.

శబ్దం పుట్టడం ఆగిన తరువాత కూడా గోడలకు తగిలి తగిలి నిలిచి ఉండటాన్ని ప్రతినాదం అంటారు. విడిగా రెండోసారి వినిపించే ప్రతిధ్వని వేరు, ఇది వేరు. ధ్వని తీవ్రత పదిలక్షల్లో ఒక వంతుకు పడిపోవడానికి పట్టే సమయం ప్రతినాద కాలం. మనం మామూలుగా సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం. ప్రతినాద కాలం మూడు సెకన్లయితే, కొత్త అక్షరం పుట్టేసరికి పాత అక్షరాలు పది, పన్నెండు గదిలో ఇంకా తిరుగుతూ ఉంటాయి. అందులోనూ అచ్చులు బలమైనవి, హల్లులు బలహీనమైనవి. "ఆ" మోత సాగి వెనక వచ్చే "త", "ప", "స"లను కప్పేస్తుంది. హల్లు పోతే మాటే పోయినట్టు. వయసు మళ్ళినవారికి హల్లుల్లోని కీచుదనమే ముందుగా వినబడకుండా పోతుంది. శబ్దం పెంచితే అచ్చు, హల్లు, మోత మూడూ కలిసి పెరుగుతాయి కాబట్టి లాభం లేదు. నేను చేసిన పొరపాటు అదే.

సబైన్ సూత్రం చాలా సులువు. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.16తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగించాలి. ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. శోషణ అంటే శబ్దాన్ని తాగేయడం. దానికి కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! అందులోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కనుక, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక పూర్తి ప్రమాణం.

అమ్మ గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఘనపరిమాణం 34 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 63 చదరపు మీటర్లు. సిమెంటు పూత, టైల్స్ తమపై పడిన శబ్దంలో నూటికి రెండు, మూడు వంతులే తాగుతాయి. మూడు అనుకున్నా మొత్తం శోషణ 1.9. గది ఖాళీగా ఉంటే ప్రతినాద కాలం 34 × 0.16 ÷ 1.9, అంటే దాదాపు 2.9 సెకన్లు. ఇంత చిన్న గదిలో సంగీతం వినడానికి అర సెకను లోపు ఉంటే మంచిది.

ఇక గదికి బట్టలు తొడిగాను. కిటికీ తెరిస్తే 1.2. మంచం మీద పత్తి పరుపుకు ఒకటి. ఇద్దరు మనుషులు కూర్చుంటే మరొకటి (మనం కూడా శబ్దాన్ని తాగుతాం!). ఇంట్లో రెండు గొంగళ్ళు, ఒక బొంత ఉన్నాయి. ఆరు చదరపు మీటర్ల మేర వాటిని తాళ్ళకు వేలాడదీశాను. తమపై పడ్డదానిలో సగం తాగుతాయనుకుంటే మూడు. అంతా కలిపి 8.1. ప్రతినాద కాలం 0.7 సెకను దగ్గరికి దిగింది. ఇది అంచనా లెక్కే, కానీ చేతులు చరిచి చూస్తే తేడా పిల్లలకు కూడా తెలిసింది.

గొంగడిని గోడకు అంటించకూడదు. ఎందుకంటే గోడ దగ్గర గాలి కణాలు కదలలేవు. కదిలే గాలి ఉన్ని పోగుల సందుల్లో రాసుకుని వేడిగా మారినప్పుడే శబ్దం తరుగుతుంది. కణాల కదలిక గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో అత్యధికం. 500 హెర్ట్జ్‌ల శబ్దం తరంగదైర్ఘ్యం 68 సెంటీమీటర్లు, నాలుగో వంతు 17. అంటే జానెడుకు కాస్త తక్కువ ఎడం వదిలితే చాలు. కొందరు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. పలుచని ఆ అట్ట తాగేది బహు తక్కువ, పైగా చప్పున అంటుకుంటుంది. థర్మోకోల్ కూడా అంతే. దానిలోని గదులు మూసుకుని ఉంటాయి, గాలి దూరదు. ఇంకొక మాట. గొంగడి వేలాడదీస్తే రాజీవ్ రహదారి మీది లారీల మోత ఆగుతుందని ఆశపడకండి. అది లోపలి శబ్దాన్ని తాగుతుందే గానీ బయటి శబ్దాన్ని అడ్డుకోదు. దానికి బరువైన గోడ, సందులేని తలుపు కావాలి.

ఉన్న రెండు గొంగళ్ళను ఎక్కడ కట్టాలి? దీనికి అద్దం చాలు. మీరు వినే చోట కూర్చోండి. స్నేహితుడిని అద్దాన్ని పక్కగోడ వెంట నెమ్మదిగా జరపమనండి. ఎక్కడ అద్దంలో మీకు స్పీకరు కనబడుతుందో, శబ్దం తొలిసారి తగిలి మీ చెవికి వచ్చేది అక్కడి నుంచే. పతన కోణం, పరావర్తన కోణం సమానమని మీరు కాంతి పాఠంలో చదివిందే ఇది.

డోలు మోత మాత్రం గొంగడికి లొంగలేదు. 50 హెర్ట్జ్‌ల తరంగంలో నాలుగో వంతే 1.7 మీటర్లు. బెత్తెడు బట్ట దాన్నేం చేస్తుంది! ఎదురెదురు గోడల మధ్య ఇలాంటి బొంగురు శబ్దాలు స్థిర తరంగాలై నిలబడతాయి. 12 అడుగులకు 46 హెర్ట్జ్‌లు, 10 అడుగులకు 56. మా గది వెడల్పు, ఎత్తు ఒకటే కనుక 56 రెండు విధాల బలపడుతుంది. చిన్న స్పీకరు అంత కిందికి పలకలేకపోయినా వాటి రెట్టింపులు 92, 112 బాగానే పలుకుతుంది. ఈ మోత గోడల దగ్గర, అన్నిటికన్నా మూలల్లో ఎక్కువ. నేను స్పీకరును మూలన పెట్టాను, అమ్మ మంచం గోడకు ఆనించి ఉంది! రెండూ తప్పే. స్పీకరును మూల నుంచి మూడడుగులు ముందుకు తెచ్చి బల్ల మీద పెట్టాను. మంచాన్ని గోడ నుంచి జరిపాను. పైసా ఖర్చు లేదు. మీరు కూడా డప్పు పాట పెట్టి, గోడ నుంచి గది మధ్యకు మెల్లగా నడిచి చూడండి. మోత పెరగడం, తగ్గడం మీకే తెలుస్తుంది.

అలాగని పరావర్తనాన్ని పగబట్టనక్కరలేదు. గోల్కొండ కోట ప్రవేశద్వారం దగ్గరి గోపురం కింద చప్పట్లు చరిస్తే కొండ మీది బాలాహిస్సార్ దాకా వినబడేది దాని చలవే. గదిలో కూడా గోడలన్నీ కప్పేస్తే పాట జీవం లేకుండా చప్పగా ఉంటుంది. పత్తి నిండిన గదిలో నా మాట నాకే ఎవరో నోరు మూసినట్టు తోచేది.

ఇప్పుడు అమ్మ శబ్దం సగానికి తగ్గించి వింటున్నది, మాట తెలుస్తున్నదట. మార్గశిరంలో ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి గది మళ్ళీ మోగుతున్నది. చూస్తే తాళ్ళ మీద బొంత ఒక్కటే ఉంది. "చలి పెడ్తుంది బిడ్డా" అంటూ అమ్మ రెండు గొంగళ్ళూ కప్పుకుని కూర్చున్నది.