అమెరికాలో ట్రావెల్‌ ట్రైలర్‌ ట్రిప్‌.. అమ్మానాన్నలు కూడా కారెక్కితే లెక్క ఎందుకు మారుతుంది?

సమ్మర్‌ వచ్చిందంటే చాలు.. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో ఇక్కడి నుంచి అమ్మానాన్నలు బయల్దేరుతారు. అక్కడ పిల్లలకు స్కూలు సెలవులు. వచ్చిన పెద్దవాళ్లకు ఎల్లోస్టోనో, గ్రాండ్‌ కాన్యనో చూపించాలని ప్లాన్‌ వేస్తారు. కానీ ఆరుగురికి హోటల్లో రెండు గదులు కావాలి. మూడు పూటలా బయటి తిండే. నాన్నకు షుగర్‌, అమ్మకు బయటి కూరలు పడవు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఐడియా ఇస్తారు. "ట్రావెల్‌ ట్రైలర్‌ రెంట్‌కి తీసుకోండి.. వంటిల్లు, మంచాలు, బాత్రూమ్‌ అన్నీ మన వెంటే వస్తాయి" అని.

ఐడియా మంచిదే. అయితే ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. "మన కారు ఈ ట్రైలర్‌ని లాగుతుందా?" అని మాత్రమే చూస్తారు. కానీ చూడాల్సింది ఇంకోటి ఉంది. "ఇంతమంది ఎక్కాక కూడా కారు ఆ బరువు మోయగలదా?" అని. లాగడం వేరు, మోయడం వేరు. ఆ తేడా ఏంటో, అది తెలియకపోతే హైవే మీద ఏం జరుగుతుందో చూద్దాం.

ఇంతకీ ట్రావెల్‌ ట్రైలర్‌ అంటే ఏంటి?

కారవాన్‌ అనగానే మనకు షూటింగ్‌ స్పాట్‌లో హీరోల బండి గుర్తొస్తుంది. దానికి ఇంజిన్‌ ఉంటుంది, డ్రైవర్‌ సీటు ఉంటుంది. అమెరికాలో అలాంటి బండిని మోటార్‌హోమ్‌ అంటారు. ట్రావెల్‌ ట్రైలర్‌ అది కాదు. దీనికి ఇంజిన్‌ ఉండదు, స్టీరింగ్‌ ఉండదు. చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు అనుకోండి. కారు లేదా పికప్‌ ట్రక్కు వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్‌ ముందు కొక్కేన్ని దానిమీద కూర్చోబెట్టి లాక్కెళ్తారు. ఈ అతికించే సరంజామానే హిచ్‌ అంటారు.

అమెరికాలో ఈ బళ్లకు పెద్ద చరిత్రే ఉంది. వెండిరంగులో మెరిసే ట్రైలర్లతో ఫేమస్‌ అయిన ఎయిర్‌స్ట్రీమ్‌ కంపెనీ 1931లో మొదలైంది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌ ప్రాంతాన్ని అయితే ఈ ఇండస్ట్రీకి రాజధాని అనే పిలుస్తారు. చాలా రాష్ట్రాల్లో మామూలు సైజు ట్రైలర్‌ లాగడానికి కారు లైసెన్సే సరిపోతుంది. అంటే జీవితంలో ఎప్పుడూ ట్రైలర్‌ లాగని మనిషి కూడా శుక్రవారం సాయంత్రం రెంట్‌కి తీసుకుని, శనివారం పొద్దున హైవే ఎక్కేయొచ్చు. సౌకర్యం అక్కడే, రిస్క్‌ కూడా అక్కడే.

పెద్దవాళ్లను ట్రైలర్లో పడుకోబెట్టొచ్చా?

అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇదే. "నాన్నకు నడుం నొప్పి కదా, వెనక మంచం మీద పడుకుని వస్తాడు" అనుకుంటారు. వద్దు. బండి కదులుతున్నప్పుడు ట్రావెల్‌ ట్రైలర్లో మనుషులు ఉండటం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. చట్టం ఒప్పుకున్న చోట కూడా అది ప్రమాదమే. లోపల సీటు బెల్టులు ఉండవు, ఎయిర్‌బ్యాగులు ఉండవు. సడన్‌ బ్రేక్‌ వేస్తే గిన్నెలతో పాటు మనుషులూ ఎగిరి పడతారు.

కాబట్టి ఆరుగురూ కారులోనే కూర్చోవాలి. అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కారు బ్రోచర్లో ఉండే నంబర్‌, డోర్‌ దగ్గర ఉండే నంబర్‌

కారు బ్రోచర్లో 'టోయింగ్‌ కెపాసిటీ 5,000 పౌండ్లు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అంటే సుమారు 2,270 కేజీలు. అందరూ దీన్నే చూస్తారు. అయితే ఈ నంబర్‌ను లెక్కగట్టేటప్పుడు కారులో సాధారణంగా డ్రైవర్‌, పక్కన ఇంకొకరు.. ఇద్దరే ఉన్నట్టు తీసుకుంటారు. ఆరుగురి ఫ్యామిలీ, రైస్‌ బ్యాగ్‌, కూలర్‌ బాక్స్‌ అందులో ఉండవు.

రెండో నంబర్‌ డ్రైవర్‌ డోర్‌ తీస్తే కనిపించే స్టిక్కర్‌ మీద ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇంత బరువు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. దీన్నే పేలోడ్‌ అంటారు. ట్రైలర్‌ ముందు భాగం హిచ్‌ మీద మోపే బరువు కూడా ఈ పేలోడ్‌లోకే వస్తుంది. దాన్ని టంగ్‌ వెయిట్‌ అంటారు. మామూలుగా ఇది ట్రైలర్‌ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడు సీట్ల ఎస్‌యూవీ ఉందనుకోండి. స్టిక్కర్‌ మీద పేలోడ్‌ 635 కేజీలు. నాన్న 70, అమ్మ 60, కొడుకు 80, కోడలు 60, ఇద్దరు పిల్లలు కలిపి 65. మొత్తం 335 కేజీలు. కారులో పెట్టిన బ్యాగులు, నీళ్ల బాటిళ్లు 65. హిచ్‌ సామాను 35. ఇప్పటికే 435 అయిపోయింది. ఇక మిగిలింది 200 కేజీలే.

ఇప్పుడు ట్రైలర్‌ సంగతి. సామాన్లతో కలిపి 2,200 కేజీలు అనుకుందాం. బ్రోచర్‌ ప్రకారం ఓకే, 2,270 లోపే ఉంది. కానీ అందులో 12 శాతం అంటే 264 కేజీలు హిచ్‌ మీద పడతాయి. మనకు మిగిలింది 200. అంటే 64 కేజీలు ఓవర్‌లోడ్‌. తక్కువలో తక్కువగా 10 శాతం వేసుకున్నా 220. అప్పుడూ ఓవరే.

అమ్మానాన్నలు లేకుండా నలుగురే వెళ్తే? 330 కేజీలు మిగిలేవి. ఏ ఇబ్బందీ లేదు. అదే కారు, అదే ట్రైలర్‌. పోయినేడాది హాయిగా వెళ్లొచ్చిన బండే ఈసారి పెద్దవాళ్లతో వెళ్తే ఓవర్‌లోడ్‌ అవుతోంది. "లాస్ట్‌ ఇయర్‌ ఏం కాలేదుగా" అన్న ధైర్యం పనికిరాదనేది అందుకే.

ఎడ్లబండి తెలిసినవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది

ఓవర్‌లోడ్‌ అయితే కారు వెనక భాగం కిందికి కుంగుతుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్‌ తేలిపోయినట్టు ఉంటుంది. ఇది చూసి కొందరు ఒక చిట్కా వేస్తారు. ట్రైలర్లో ముందున్న సామాన్లు తీసి వెనక్కి సర్దుతారు. కారు మళ్లీ లెవెల్‌ అయినట్టే కనిపిస్తుంది. కానీ అసలు ప్రమాదం ఈ సర్దుడుతోనే వస్తుంది.

ఊళ్లో ఎడ్లబండికి బస్తాలు వేసేవాళ్లను అడగండి. బరువు మరీ ముందుకు పడితే ఎడ్ల మెడలు నలుగుతాయి. మరీ వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. ట్రైలర్‌ కూడా అంతే. బరువు చక్రాల వెనక్కి పోతే, ముందు పట్టు సడలిపోయి, తోక ఊగడం మొదలవుతుంది. పెద్ద లారీ ఓవర్‌టేక్‌ చేసినప్పుడు తగిలే గాలి చాలు. మొదట కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. స్పీడ్‌ ఎక్కువగా ఉంటే ఊపు పెరుగుతూ పోయి, చివరికి ట్రైలరే కారును తిప్పేస్తుంది.

సో, బరువైన సామాన్లు చక్రాల మీదికి, కొంచెం ముందువైపుకి వచ్చేలా కింద పెట్టాలి. నీళ్ల ట్యాంకు గురించి కూడా ఆలోచించాలి. 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే దాదాపు 113 కేజీలు. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్లు పట్టుకోవచ్చు. అలాంటి చోటికి వెళ్తుంటే దారిలో అవసరమైనంతే ఉంచుకుని, అక్కడికి వెళ్లాక నింపుకోవడం బెటర్‌.

ఊగడం మొదలైతే ఏం చేయాలి?

కంగారుపడి బ్రేక్‌ మీద నిలబడొద్దు. యాక్సిలరేటర్‌ మీద నుంచి కాలు తీసేయండి. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకోండి. ట్రైలర్‌ అటు పోతే మనం ఇటు తిప్పడం చేయొద్దు, ఊపు ఇంకా పెరుగుతుంది. ట్రైలర్‌ బ్రేకులకు కారులో విడిగా ఒక కంట్రోలర్‌ ఉంటుంది. దాన్ని చేత్తో మెల్లగా నొక్కితే వెనక బండి మాత్రమే బ్రేక్‌ పట్టి, సాగదీసినట్టు లైన్లోకి వస్తుంది. ఆ కంట్రోలర్‌ ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో బయల్దేరే ముందే ఖాళీ పార్కింగ్‌ లాట్‌లో చూసుకోవాలి. స్పీడ్‌ పెంచితే సర్దుకుంటుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. తర్వాత బండి పక్కన ఆపి, సామాన్లు సరిచూసుకున్నాకే కదలాలి.

టెక్సాస్‌లో కొన్ని హైవేలపై 75, 80 మైళ్ల బోర్డులు కనిపిస్తాయి. అవి మీ ట్రైలర్‌ కోసం కాదు. చాలా ట్రైలర్‌ టైర్లు గంటకు 65 మైళ్ల వేగానికే తయారైనవి. కాలిఫోర్నియాలో అయితే వెనక బండి లాగే ఏ వాహనానికైనా 55 మైళ్లే లిమిట్‌. వ్యోమింగ్‌ మీదుగా వెళ్లే ఐ-80 హైవే ఈదురుగాలులకు పేరు. గాలి మరీ ఎక్కువైతే తేలికగా, ఎత్తుగా ఉండే బళ్లను అక్కడ అనుమతించరు. అలాంటి రోజు ఇంకో పూట ఆగిపోవడమే మంచిది.

బయల్దేరే ముందు పది నిమిషాల చెకింగ్‌

హిచ్‌ సరిగ్గా లాక్‌ అయిందా? కింద రెండు సేఫ్టీ చైన్లను అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా తగిలించారా? లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయా? ట్రైలర్‌ ఊడిపోతే దానంతటదే బ్రేక్‌ పడేలా చేసే వైరు కారుకు తగిలించారా? టైర్లలో గాలి ఎంతుంది? చక్రాలు కొత్తగా బిగించి ఉంటే 50 మైళ్ల తర్వాత నట్లు మళ్లీ చెక్‌ చేయాలి. గ్యాస్‌ సిలిండర్‌ వాల్వ్‌ను ప్రయాణంలో ఆపేసి ఉంచడం సేఫ్‌. అలాగే హైవే పక్కన ట్రక్‌ స్టాప్‌లలో వేబ్రిడ్జిలు ఉంటాయి. ఫ్యామిలీ మొత్తం కూర్చున్నాక ఒకసారి తూకం వేయించుకుంటే అంచనాలతో పనిలేదు.

లోపల వంట చేసేటప్పుడు కిటికీ, పైన ఉండే ఫ్యాన్‌ తెరిచి పెట్టాలి. చలిగా ఉందని స్టవ్‌ వెలిగించి గది వేడి చేయడం అస్సలు వద్దు. కార్బన్‌ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే బటన్‌ నొక్కి చూడండి.

పార్కుల్లో రూల్స్‌ వేరే

గ్లేసియర్‌ నేషనల్‌ పార్కులో ఫేమస్‌ అయిన గోయింగ్‌ టు ది సన్‌ రోడ్డు మీద, కొండ ఎక్కే భాగంలో కారు, ట్రైలర్‌ కలిపి 21 అడుగుల పొడవు దాటితే రానివ్వరు. ట్రైలర్‌ క్యాంప్‌లో వదిలేసి కారులో వెళ్లాల్సిందే. గ్రాండ్‌ కాన్యన్‌ సౌత్‌ రిమ్‌లో పెద్ద ట్రైలర్ల కోసం ట్రైలర్‌ విలేజ్‌ అని విడిగా ఉంది. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్‌ బ్రిడ్జ్‌ దగ్గర ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గట్టి గోడలున్న బళ్లకే పర్మిషన్‌. టెంట్లకు, గుడ్డతో మడతపెట్టే ట్రైలర్లకు చోటు లేదు. సమ్మర్‌లో ఇవన్నీ నెలల ముందే నిండిపోతాయి.

మరి అమ్మానాన్నలను ఇంట్లో వదిలేయాలా?

అవసరం లేదు. దారులు ఉన్నాయి. ఒకటి, చిన్న ట్రైలర్‌ తీసుకోవడం. రెండు, ఎక్కువ పేలోడ్‌ ఉన్న పికప్‌ ట్రక్కు రెంట్‌కి తీసుకోవడం. అయితే ట్రైలర్‌ లాగడానికి ఆ రెంటల్‌ ఒప్పుకుంటుందా, ఇన్సూరెన్స్‌ వర్తిస్తుందా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మూడు, ఇంట్లో ఇద్దరు డ్రైవర్లు ఉంటే రెండో కారులో పెద్దవాళ్లను తీసుకెళ్లడం.

నాలుగోది చాలామందికి తెలియదు. కొందరు ఓనర్లు ట్రైలర్‌ను నేరుగా క్యాంప్‌గ్రౌండ్‌కే తెచ్చి, నిలబెట్టి, కరెంటు, నీళ్లు కలిపి వెళ్తారు. మీరు మామూలుగా కారులో వెళ్తే చాలు. డాలస్‌ నుంచి ఎల్లోస్టోన్‌కు 1,200 మైళ్లకు పైనే. అంత దూరం పెద్దవాళ్లతో ట్రైలర్‌ లాగే బదులు దగ్గర్లోని సిటీకి ఫ్లైట్లో వెళ్లి, అక్కడ ఇలా తీసుకుంటే వంటిల్లూ ఉంటుంది, టెన్షనూ ఉండదు.

చివరగా ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక మాట. ట్రిప్‌కి ముందు మీ అబ్బాయి ఫోన్‌ చేసి "నాన్నా, మీ బరువెంత? అమ్మ బరువెంత? బ్యాగులు ఎన్ని?" అని అడిగితే నొచ్చుకోకండి. రెండు కేజీలు తగ్గించి కూడా చెప్పకండి. వాడు లెక్క సరిగ్గా వేస్తున్నాడని అర్థం.