పరిహారం సరే, చికిత్సకు పద్దు ఏది?

న్యూఢిల్లీ: ఒడిశాలో 1987 డిసెంబరు 1న పోలీసులు ఇంటి నుంచి తీసుకువెళ్లిన 22 ఏళ్ల సుమన్ బెహరా మరునాడు రైలు పట్టాలపై శవమై కనిపించాడు. ఒంటి నిండా గాయాలున్నాయి. ఆయన తల్లి నీలాబతి బెహరా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. కస్టడీలో ఉన్న వ్యక్తి ప్రాణానికి ప్రభుత్వమే పూచీ వహించాలని 1993 మార్చిలో తీర్పు చెప్పి, ఆమెకు 1.50 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

పోలీసు కస్టడీలో జరిగే దౌర్జన్యానికి ప్రభుత్వం మూల్యం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పుతో బలపడింది. అయితే అది మరణించిన వారి కుటుంబాలకు సంబంధించిన ఊరట. చిత్రహింసలకు గురై ప్రాణాలతో బయటపడిన వారి మాటేమిటి? వారి శరీరాన్నీ, మనసునూ బాగుచేసే బాధ్యత ఎవరిది? ఆ ఖర్చు ఎవరు భరించాలి? మూడు దశాబ్దాల తరువాత కూడా ఈ ప్రశ్నలకు మన దేశంలో సూటిగా సమాధానం దొరకడం లేదు.

అంతర్జాతీయ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఐక్యరాజ్య సమితి 1984లో ఆమోదించిన చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికలోని 14వ అధికరణం ప్రకారం బాధితునికి న్యాయమైన పరిహారంతోపాటు సాధ్యమైనంత పూర్తిస్థాయి పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి. నిధుల కొరతను సాకుగా చూపి ఈ బాధ్యతను వాయిదా వేయరాదని ఒడంబడిక అమలును పర్యవేక్షించే కమిటీ 2012లో వివరణ ఇచ్చింది. ప్రభుత్వం స్వయంగా సేవలందించవచ్చు, లేదా స్వచ్ఛంద సంస్థలకు నిధులిచ్చి వాటి ద్వారా అందించవచ్చునని కూడా పేర్కొంది.

భారతదేశం ఈ ఒడంబడికపై 1997 అక్టోబరు 14న సంతకం చేసింది. నేటికీ ధ్రువీకరించలేదు. ధ్రువీకరణకు వీలుగా తెచ్చిన చిత్రహింసల నిరోధక బిల్లును 2010 మేలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దానిని సెలక్ట్ కమిటీకి పంపగా, 2014లో లోక్‌సభ రద్దుతో ఆ బిల్లుకు కాలదోషం పట్టింది. లా కమిషన్ 2017లో సమర్పించిన 273వ నివేదికలో ధ్రువీకరణకు సిఫార్సు చేస్తూ ముసాయిదా బిల్లును కూడా జతపరిచింది. అది చట్టరూపం దాల్చలేదు.

ప్రత్యేక చట్టం లేని లోటును కొంతవరకు న్యాయస్థానాలే పూడ్చాయి. డి.కె.బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అరెస్టుకు సంబంధించి పదకొండు నిబంధనలు విధించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తాత్కాలిక సహాయానికి సిఫార్సు చేయవచ్చు. నేర బాధితులకు పరిహారం, ఉచిత వైద్యం కల్పించే నిబంధన 2009 చివరి నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఇవన్నీ కేసు వారీగా లభించేవి. చెక్కు చేతికివ్వడంతో ఫైలు మూతపడుతుంది.

హైదరాబాద్ అనుభవం ఇందుకు నిదర్శనం. 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడు తరువాత పలువురు యువకులను నిర్బంధించి హింసించారన్న ఆరోపణలు వచ్చాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫార్సు మేరకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 జనవరిలో 70 మందికి మొత్తం 70 లక్షల రూపాయలు పంపిణీ చేసింది. నిర్దోషులుగా విడుదలైన 20 మందికి తలా 3 లక్షలు, మిగిలిన 50 మందికి తలా 20 వేలు దక్కాయి. ఆ ఉత్తర్వును 2013 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చిన సాయం నిలకడలేనిదని దీనితో తేలిపోయింది.

పొరుగు దేశాల తీరు

ధ్రువీకరించిన పొరుగు దేశాలలోనూ పునరావాసం వెనుకబడే ఉంది. నేపాల్ 1991లోనే ఒడంబడికలో చేరింది. 1996లో చిత్రహింసల పరిహార చట్టం చేసింది. దాని ప్రకారం గరిష్ఠ పరిహారం లక్ష నేపాలీ రూపాయలు. హింస జరిగిన నాటి నుంచి గాని, విడుదలైన నాటి నుంచి గాని 35 రోజులలో కోర్టును ఆశ్రయించాలి. భయంతో నోరు విప్పలేని స్థితిలో ఉన్నవారికి ఈ గడువు ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు. బంగ్లాదేశ్ 2013 చట్టం ప్రకారం నేరం రుజువైతే బాధితునికి దక్కేది 25 వేల టాకాలు, మరణం సంభవిస్తే కుటుంబానికి 2 లక్షల టాకాలు.

నేపాల్‌లో చికిత్స భారాన్ని మోసింది స్వచ్ఛంద సంస్థ. ఖాట్మండులో 1990లో ఏర్పడిన చిత్రహింసల బాధితుల కేంద్రం తూర్పు నేపాల్ శిబిరాలలోని భూటాన్ శరణార్థులకు కూడా సేవలందించింది. హింసకు గురైన 526 మంది శరణార్థులను, గురికాని మరో 526 మందితో పోల్చి జరిపిన అధ్యయనం 1998లో ప్రచురితమైంది. మొదటి వర్గంలో పీడకలలు, ఆందోళన, కుంగుబాటు వంటి బాధలు స్పష్టంగా ఎక్కువని అందులో తేలింది. గాయం మానినంత మాత్రాన రోగం నయం కాదన్న మాట.

దాతల దయపై నడక

అరికాళ్లపై దెబ్బలు తిన్న వ్యక్తికి సరిగా నడవడానికి ఫిజియోథెరపీ అవసరం. నిద్ర పట్టని వ్యక్తికి మానసిక వైద్యుడు కావాలి. పని పోయిన వ్యక్తికి ఉపాధి కావాలి. ఇవన్నీ నెలలు, ఏళ్ల తరబడి సాగవలసినవి. డెన్మార్క్‌లో డాక్టర్ ఇంగె గెనెఫ్కె 1982లో కోపెన్‌హాగన్‌లో నెలకొల్పిన కేంద్రానికి అక్కడి ప్రభుత్వం నిధులు సమకూర్చింది. అమెరికా 1998లో చేసిన చట్టం స్వదేశంలోని చికిత్సా కేంద్రాలకు 1999 ఆర్థిక సంవత్సరంలో 50 లక్షల డాలర్లు, మరుసటి ఏడాది 75 లక్షల డాలర్ల వరకు కేటాయించేందుకు అనుమతించింది.

పేద దేశాల కేంద్రాలకు ప్రధాన ఆధారాలలో ఒకటి 1981 డిసెంబరులో సమితి నెలకొల్పిన స్వచ్ఛంద నిధి. పేరుకు తగ్గట్టే అది సభ్యదేశాలు ఇష్టపూర్వకంగా ఇచ్చే విరాళాలపై నడుస్తుంది. దాత చేయి వెనక్కు తీసుకుంటే ఏమవుతుందో 2025 జనవరిలో తెలిసివచ్చింది. అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని స్తంభింపజేయడంతో సెయింట్ పాల్‌లోని చిత్రహింసల బాధితుల కేంద్రం పలు దేశాలలో సేవలు నిలిపివేయవలసి వచ్చింది. చికిత్స మధ్యలో ఉన్నవారికి అది మరో దెబ్బ.

మన దేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదలాయించరాదు. పెద్ద సంస్థల నుంచి జిల్లాలలోని చిన్న సంస్థలకు నిధులు చేరే దారి దీనితో మూసుకుపోయింది. కనుక స్వదేశీ ప్రభుత్వ నిధుల అవసరం మునుపటికంటే పెరిగింది.

జూన్ 26ను చిత్రహింసల బాధితులకు సంఘీభావ దినంగా 1998 నుంచి ప్రపంచమంతటా పాటిస్తున్నారు. ఆనాడు ప్రకటనలకు కొదవ ఉండదు. జిల్లా ఆసుపత్రిలో ఒక శిక్షణ పొందిన వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు, బడ్జెట్‌లో ఒక చిన్న పద్దు ఉంటే బాధితులకు కలిగే మేలు ఆ ప్రకటనలన్నింటి కంటే ఎక్కువ. ప్రభుత్వోద్యోగి చేతుల మీదుగా జరిగిన గాయానికి చికిత్స చేయించడం ప్రభుత్వం చేసే దానం కాదు, తీర్చవలసిన బాకీ.