దుఃఖాన్ని దాచని స్తుతి

దేవుణ్ణి ఏదో అడగడం ప్రార్థన అయితే, అందిన మేలును తలచుకోవడం కృతజ్ఞత అయితే, దేవుడు ఎటువంటివాడో నోరారా చాటడం స్తుతి. మొదటి రెండూ మనిషి అవసరాన్నో అనుభవాన్నో ఆధారం చేసుకొని పుడతాయి. స్తుతికి ఆధారం దేవుని స్వభావమే కనుక, పరిస్థితులు తారుమారైనా అది ఆగనవసరం లేదని యూదు, క్రైస్తవ సంప్రదాయాలు రెండూ బోధిస్తాయి. అయితే ఈ బోధను కష్టంలో కన్నీరు పెట్టరాదని, బాధను బయటికి చెప్పుకుంటే విశ్వాసం సడలినట్టేనని అర్థం చేసుకొనేవారు ఎందరో ఉన్నారు. ఆ అర్థం దుఃఖంలో ఉన్నవారి మీద మరో బరువు మోపుతుంది. పైగా మూలగ్రంథాలలో దానికి ఏ ఆధారమూ కనిపించదు.

బైబిలు పాత నిబంధనలోని కీర్తనల గ్రంథం ఈ విషయంలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం. 150 కీర్తనలను ఐదు భాగాలుగా కూర్చిన ఈ గ్రంథంలో ప్రతి భాగమూ దైవస్తుతితోనే ముగుస్తుంది. 146 నుంచి 150 వరకు ఉన్న చివరి ఐదు కీర్తనలైతే మొదటి నుంచి తుది దాకా స్తుతులే. అయినా జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862–1932) ఈ కీర్తనలను వాటి రూపాన్ని బట్టి వర్గీకరించినప్పుడు, వాటిలో వ్యక్తిగత విలాపాలే, అంటే ఒక మనిషి తన బాధను దేవుని ముందు వెళ్లబోసుకొనే కీర్తనలే, అత్యధికంగా ఉన్నాయని తేలింది. స్తుతిగ్రంథంగా పేరుపొందిన పుస్తకంలో ఇంత రోదన ఉండటం సంకలనకర్తల పొరపాటు కాదు. వారి దృష్టిలో స్తుతి, రోదన ఒకే సంభాషణలోని భాగాలు.

ఆరు వచనాల 13వ కీర్తనలో భక్తుడు ఇంకా ఎంతకాలమని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు, తనను మరచిపోయావా అని అడుగుతాడు, చివరి వచనానికి వచ్చేసరికి ఆయనను కీర్తిస్తానంటాడు. ఈ మధ్యలో కష్టం తీరినట్టు ఒక్క మాట కూడా లేకపోవడం గమనించదగినది. మారింది పరిస్థితి కాదు, దాన్ని పూర్తిగా చెప్పుకోగలిగిన తరువాత భక్తుని మనసు. అలాగని ప్రతి విలాపమూ స్తుతిగా మారి తీరాలన్న నియమం కూడా ఈ గ్రంథంలో లేదు. 88వ కీర్తన చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది, ఓదార్పు పలికే ముగింపు ఏదీ దానికి లేదు. అయినా దాన్ని ఎవరూ తొలగించలేదు, చివర ఒక స్తుతివాక్యం అతికించి సరిదిద్దనూ లేదు.

యోబు గ్రంథంలోనూ ఇదే నిజాయతీ కనిపిస్తుంది. పశుసంపదనూ పదిమంది సంతానాన్నీ ఒకే రోజు కోల్పోయిన యోబు దేవుని నామాన్ని కొనియాడతాడు. ఉపదేశాలలో సాధారణంగా వినిపించేది ఈ ఘట్టం వరకే. కానీ మూడో అధ్యాయంలో అదే యోబు తాను పుట్టిన దినాన్ని శపించుకుంటాడు, ఆపై అధ్యాయాల తరబడి దేవునితో వాదిస్తాడు. ఆయన్ని మందలించి, దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకొన్నట్టు మాట్లాడిన స్నేహితుల మాటలు సరైనవి కావనీ, యోబు పలికినదే సరైనదనీ చివరి అధ్యాయంలో దేవుడే తీర్పు చెబుతాడు. బాధితుణ్ణి నోరు మూయించే భక్తికి ఇంతకంటే స్పష్టమైన ఖండన మరొకటి దొరకదు.

తెలుగు పాఠకులకు ఈ తత్త్వం కొత్తదేమీ కాదు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా భద్రాచలంలో రామునికి ఆలయం కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని సంప్రదాయం చెప్పే కంచర్ల గోపన్న, భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన ఆ భక్తుడు, ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో సీతమ్మకూ తమ్ములకూ తాను చేయించిన నగల లెక్క చెప్పి రాముణ్ణే దెప్పిపొడుస్తాడు. అంతలోనే దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానని చెప్పి మన్నింపు కోరతాడు. మతం వేరు, భాష వేరు, కాలం వేరు. అయినా అలిగినవాడు అలిగినచోటనే మొరపెట్టుకోవడం రెండుచోట్లా ఒకటే. ఆ నిష్ఠూరాన్ని భక్తిలోపంగా తెలుగువారు ఏనాడూ ఎంచలేదు, తరతరాలుగా పాడుకుంటూనే ఉన్నారు.

కష్టకాలంలో స్తుతించడమే కఠినమని సాధారణంగా అనుకుంటారు గానీ, బైబిలు హెచ్చరిక ఎక్కువగా కలిమి గురించే. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం ఎడారిలో ఆకలితో తిరిగినవారికి కాదు, కడుపు నిండా తిని, మంచి ఇళ్లు కట్టుకొని, వెండిబంగారాలు కూడబెట్టుకోబోయేవారికి దేవుణ్ణి మరువవద్దని చెబుతుంది, ఆ సంపదంతా తమ చేతిబలంతోనే వచ్చిందని అనుకొనే ప్రమాదాన్ని ముందే పసిగడుతుంది. యూదులు భోజనానికి ముందే కాక, తిని తృప్తిపడిన తరువాత కూడా దీర్ఘంగా దైవస్తుతి చేసే ఆచారానికి ఈ అధ్యాయంలోని పదో వచనమే ఆధారం. కలిమిలో ఇలా అలవాటైన మాటలే లేమి వచ్చిననాడు నోటికి అందుతాయి. ఏనాడూ పలకని మాటను మనిషి విపత్తులో వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

క్రీ.శ. 200 ప్రాంతంలో క్రోడీకరించిన యూదు ధర్మసంహిత మిష్నా, మేలు కలిగినప్పటివలెనే కీడు కలిగినప్పుడూ దేవుణ్ణి స్తుతించాలని విధిస్తుంది. అయితే రెండింటికీ ఒకే స్తుతిని అది విధించకపోవడంలో గొప్ప వివేకం ఉంది: శుభవార్త విన్నవాడు దేవుణ్ణి మేలు చేసేవాడిగా కొనియాడతాడు, దుర్వార్త విన్నవాడు సత్యమైన న్యాయాధిపతిగా కొనియాడతాడు. కీడును మేలని చెప్పమని ఎవరూ అడగరు.

ఈ బోధ గ్రంథాలకే పరిమితం కాలేదు. సాక్సనీలోని ఐలెన్‌బర్గ్ పట్టణంలో పాదిరిగా ఉన్న మార్టిన్ రింకార్ట్ (1586–1649) ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో, 1637లో మహమ్మారి విరుచుకుపడినప్పుడు వేలమందికి అంత్యక్రియలు జరిపించాడు; ఆ ఏడాదే ఆయన భార్య కూడా మరణించింది. జర్మన్ క్రైస్తవులు నేటికీ పాడే ప్రసిద్ధ కృతజ్ఞతాగీతం ఆయన రచనే. రెండో ప్రపంచయుద్ధంలో రష్యన్ల చేత చిక్కిన జర్మన్ బైబిలు పండితుడు క్లౌస్ వెస్టర్‌మన్ (1909–2000) యుద్ధఖైదీల శిబిరంలో కీర్తనలను మననం చేస్తూ, వాటిలోని స్తుతి గురించి ఆలోచించాడు. 1954లో ఆ ఆలోచనలు గ్రంథరూపం దాల్చాయి. విలాపం, స్తుతి అనే రెండు ధ్రువాల మధ్య కీర్తనలన్నీ కదులుతాయన్నది ఆయన ప్రసిద్ధ సిద్ధాంతం.

ఇక, స్తుతిని బలవంతంగా పిండుకోవడం సాధ్యం కాదని 137వ కీర్తన తెలుపుతుంది. యెరూషలేము నాశనమై బబులోనుకు చెరపట్టబడినవారిని తమ వినోదం కోసం సీయోను పాట పాడమని శత్రువులు అడిగితే, వారు సితారాలను చెట్లకు తగిలించి ఊరుకొన్నారు. ఆ నిరాకరణ కూడా పవిత్ర గ్రంథంలో కీర్తనగానే నిలిచింది. ఆప్తులను కోల్పోయిన ఇంటికి వెళ్లి, స్తుతించండి అని ఆజ్ఞాపించేవారు ఈ కీర్తనను ఒకసారి చదువుకోవాలి.

మరి నోరు పెగలని మనిషి పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు యూదు సమాజం ఒక ఆచారం రూపంలో జవాబు చెప్పింది. తల్లిదండ్రులు పోయినవారు సాధారణంగా పదకొండు నెలలపాటు ప్రతిదినమూ పలికే కద్దిష్ అనే ప్రార్థనలో మరణం మాటే ఉండదు, ప్రధానంగా ఉండేది దైవనామ స్తుతే. దాన్ని ఒంటరిగా పలకరాదు. కనీసం పదిమంది ఉన్న సభలోనే పలకాలి, వారు మధ్యమధ్య బదులు పలకాలి. దుఃఖంలో ఉన్నవాడి గొంతు పూడుకుపోయినా, చుట్టూ నిలిచినవారి గొంతులు ఆ వాక్యాన్ని అందుకొని ముందుకు నడిపిస్తాయి.