పొగమంచుకు పసుపు దీపం మందేనా?

లంబసింగి: చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం - చింతపల్లి ఘాట్ రోడ్డులో వాహనాల కళ్ళకు పసుపు పూత పడుతుంది. జీపులు, ఆటోలు, మోటారు సైకిళ్ళ హెడ్‌లైట్లకు పసుపుపచ్చ ప్లాస్టిక్ కాగితం అంటించుకొని తిరిగేవారు తారసపడుతుంటారు. తెల్ల వెలుగు మంచుకు తగిలి తిరిగి కళ్ళలోనే కొడుతుందని, పసుపు వెలుగు మంచును చీల్చుకొని పోతుందని డ్రైవర్ల నమ్మకం. పసుపు పంటకు పేరుపడిన ఏజెన్సీలో దీన్ని కాదంటే ఒక పట్టాన ఒప్పుకునేవారు తక్కువ.

కాని ఇందులో నిజం కొంతే. ఎండలోని నీలం రంగు గాలిలోని అతి సూక్ష్మమైన అణువులకు తగిలి ఎక్కువగా చెదురుతుంది. ఆకాశం నీలంగా కనిపించేది అందుకే. మంచులోనూ అంతే జరుగుతుందనుకోవడం పొరపాటు. పొగమంచు అంటే నీటి బిందువులు. మన కంటికి ఎంత చిన్నవైనా, కాంతి తరంగం ముందు అవి కొండంతవి. వాటికి తగిలితే తెలుపు, పసుపు, నీలం అన్నీ దాదాపు ఒకే తీరున చెదిరిపోతాయి. పైగా అంటించిన కాగితం బల్బు వెలుగులో కొంత మింగేస్తుంది. వెలుగు తగ్గింది కనుక కళ్ళకు హాయిగా వుంటుంది. ఆ హాయిని చూసి డ్రైవరు తన చూపు పెరిగిందనుకుంటాడు. రోడ్డు పక్కన నడిచే మనిషి మాత్రం మునుపటి కన్నా ఆలస్యంగా కనబడతాడు.

ప్రమాదం అక్కడే వుంది. రాజ్మా, పసుపు, పిప్పళ్ళ మూటలు నెత్తిన పెట్టుకొని తెల్లవారకముందే వారపు సంతకు బయలుదేరే గిరిజనులు చలికి దుప్పటి కప్పుకొని రోడ్డు అంచునే నడుస్తారు. సరిగ్గా అదే వేళకు చెరువులవేనం మేఘాలు చూడాలని మైదానం నుంచి కార్లు బారులు తీరతాయి.

పసుపు వల్ల బొత్తిగా లాభం లేదని కూడా అనలేం. ఎదుటివారి కళ్ళను ఎక్కువగా బాధించేది వెలుగులోని నీలం పాలు. ఇప్పటి తెల్లటి ఎల్‌ఇడి దీపాల్లో అది ఎక్కువ, పాత హాలోజెన్ బల్బులో తక్కువ. ఎదుటివారి కళ్ళు చెదరకుండా వుంటాయనే ఫ్రాన్సు దేశంలో 1937 నుంచి కొత్త కార్లకు పసుపు హెడ్‌లైట్లు తప్పనిసరి చేశారు. యూరపు దేశాలకు ఒకే నిబంధన వుండాలని 1993లో ఆ పద్ధతి మానుకున్నారు.

ఇక మన చట్టం సంగతి. పసుపు వెలుగు దానంతట అది నేరం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది వాహనం ముందుకు ఎర్ర దీపం చూపరాదంటుంది. పసుపుకు అలాంటి నిషేధం లేదు. బంపరు దగ్గర అమర్చే ఫాగ్ ల్యాంపు తెల్లదైనా, పసుపుదైనా సమ్మతమే. కాని కంపెనీ నుంచి ఆమోదంతో వచ్చిన హెడ్‌లైటుకు కాగితం అంటించినా, రంగు పూసినా, బజారులో దొరికిన బల్బు బిగించినా అది ప్రమాణం తప్పిన దీపమవుతుంది. తనిఖీలో జరిమానాకు దారి తీయవచ్చు. జీపు టాపు మీద సర్చిలైట్లు బిగించేవారు కూడా వున్నారు. రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా అవి ముందువైపు వుండరాదని 111వ నిబంధన.

అన్నిటికన్నా పట్టించుకోవలసింది 106వ నిబంధన. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, నేలకు మీటరున్నర ఎత్తులో కన్ను వున్న మనిషికి వెలుగు మిరుమిట్లు గొలపరాదని దాని సారాంశం. అంటే దారిన పోయే మనిషి కంటి ఎత్తే కొలత అన్నమాట. రంగు ఏదైనా ఈ కొలత తప్పకూడదు.

మంచులో పనికి వచ్చేది రంగు కన్నా దీపం వుండే ఎత్తు. ఫాగ్ ల్యాంపు నేలకు దగ్గరగా వుండి, వెలుగును చాప పరచినట్లు రోడ్డు మీద వెడల్పుగా వేస్తుంది. డ్రైవరు కంటికీ, దీపానికీ ఎడం ఎక్కువ కనుక తిరిగి కొట్టే వెలుగు తక్కువ. అది లేని బండికి డిమ్ లైటు, నిదానమే దిక్కు. బ్రైటు వేస్తే ఎదుట తెల్లగోడ లేస్తుంది.

ఏజెన్సీ జీపులకు మరో చిక్కు వుంది. వెనుక జనాన్ని, మూటలను కిక్కిరిసి ఎక్కిస్తే వెనుక భాగం కిందికి దిగి, ముందు దీపాలు పైకి చూస్తాయి. అప్పుడు డిమ్ వేసినా ఎదుటివాడి కళ్ళలోనే పడుతుంది. చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 వరకు అంకెలతో చిన్న చక్రం వుంటుంది. బరువును బట్టి దాన్ని తిప్పితే దీపం వంగుతుంది. పాత జీపుల్లో ఆ ఏర్పాటు లేదు. బరువు తగ్గించుకోవడం, మెకానిక్ దగ్గర బండిని గోడకు ఎదురుగా నిలిపి హెడ్‌లైటు స్క్రూ తిప్పించుకోవడం తప్ప మార్గం లేదు.