ఆన్‌లైన్ షాపింగ్: బ్రిటన్‌లో నాలుగో వంతు.. మన దగ్గర 10 శాతం లోపే.. ఎందుకింత తేడా?

చేతిలో అవే స్మార్ట్‌ఫోన్లు.. ఇంచుమించు అలాంటి యాప్‌లే. కానీ ఆన్‌లైన్‌లో పెట్టే ఖర్చు మాత్రం దేశానికో తీరుగా ఉంటోంది. బ్రిటన్‌లో రిటైల్ అమ్మకాల్లో నాలుగో వంతుకు పైగా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. చైనాలోనూ దాదాపు అంతే. అమెరికాలో ఇది 16 శాతం వరకు ఉంటే, భారత్‌లో 10 శాతం లోపే.

మరి ఆదాయమే కారణమా? అదొక్కటే కాదు. సగటు ఆదాయంలో చైనా కంటే అమెరికా ఎంతో ముందుంది. అయినా ఆన్‌లైన్ వాటాలో చైనాదే పైచేయి. ఇక్కడ మరో మూడు విషయాలు కీలకం.

డబ్బు పోదన్న నమ్మకం

చైనాలో అలీపే 2004లో మొదలైంది. కొన్నవాళ్ల డబ్బును తన దగ్గరే ఉంచుకుని, వస్తువు అందాకే అమ్మినవాళ్లకు ఇవ్వడంతో జనంలో భయం పోయింది. జర్మనీలో ముందు వస్తువు తీసుకుని, తర్వాత బిల్లు కట్టే పద్ధతి బాగా అలవాటు. యూరోపియన్ యూనియన్‌లో అయితే 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే చాలా వస్తువులు వెనక్కి ఇచ్చేయొచ్చు.

మన దగ్గర ఆ నమ్మకం క్యాష్ ఆన్ డెలివరీతో వచ్చింది. ఫ్లిప్‌కార్ట్ దీన్ని 2010లో తెచ్చింది. అయితే పార్సిల్ గుమ్మం దాకా వచ్చాక వద్దంటే.. రానుపోను ఖర్చు సాధారణంగా సెల్లర్ మీదే పడుతుంది.

ఇల్లు దొరికే అడ్రస్

బ్రిటన్‌లో ఒక పోస్ట్‌కోడ్ కిందకు సగటున 15 అడ్రస్‌లే వస్తాయి. 1972లో వచ్చిన మన 6 అంకెల పిన్‌కోడ్ కింద ఊళ్లకు ఊళ్లే ఉంటాయి. అందుకే 'రామాలయం వెనక వీధి' అని రాసినా డెలివరీ బాయ్ ఫోన్ చేయక తప్పదు. దీనికి పరిష్కారంగా తపాలా శాఖ 2025లో 10 అక్షరాల డిజిపిన్ తెచ్చింది. ఇది 4 మీటర్ల చదరపు గడి వరకు చోటును గుర్తిస్తుంది.

డెలివరీ ఖర్చు, పక్కనే కిరాణా కొట్టు

చైనా నగరాల్లో జనసాంద్రత ఎక్కువ. ఒకే అపార్ట్‌మెంట్‌లో పదుల పార్సిళ్లు ఇచ్చేస్తే ఒక్కోదానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. అమెరికా శివారుల్లో ఇళ్లు దూరదూరంగా ఉంటాయి. ఇక మన వీధిలోని కిరాణా కొట్టు ఖాతా మీద అరువిస్తుంది, ఫోన్ చేస్తే సరుకులు పంపిస్తుంది. దాంతో పోటీపడటం యాప్‌లకు అంత తేలిక కాదు.

ఈ లెక్కల్లో ఎక్కువగా నష్టపోయేది పల్లెలే. రిటర్న్‌లు ఎక్కువ వచ్చే పిన్‌కోడ్‌లకు కొందరు సెల్లర్లు క్యాష్ ఆన్ డెలివరీ ఆపేస్తుంటారు. దాంతో డబ్బు చేతిలో పట్టుకుని నిజంగా కొనాలనుకునేవాళ్లకూ ఆర్డర్ పెట్టే దారి మూసుకుపోతోంది.